అమ్మ టేకు మంచం

మా అమ్మ మంచానికి ఇప్పటిదాకా ఎన్ని రంగులు వేశారో చెప్పమంటే మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఇంట్లో ఏ పనికి రంగు తెచ్చినా, డబ్బా అడుగున కాస్త మిగిలిందంటే అది అమ్మ మంచానికే. మా నాయన చిత్తూరులో అంగడి తలుపులకు నీలం రంగు వేయించినప్పుడు మంచం నీలం రంగుకు తిరిగింది. కిటికీలకు ఆకుపచ్చ వేయించినప్పుడు మంచమూ ఆకుపచ్చయింది. ఒకసారి వీధి గేటుకు వేసిన వెండి రంగు మిగిలింది. ఆ ఏడాదంతా అమ్మ గేటు ఊడదీసి దానిమీద పడుకున్నట్టే ఉండేది. బ్రష్షు పట్టుకునేది కూడా అమ్మే. పెయింటరు పక్కనే ఉన్నా అతని చేతికి ఇచ్చేది కాదు. కొంగు నడుముకు దోపుకుని, మంచం కింద దూరి మరీ, ఎవరికీ కనపడని చోట్ల కూడా రంగు పూసి బయటికొచ్చేది.

ఆ మంచం అమ్మకు పుట్టింటి నుంచి వచ్చింది. పాకాలలో మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, దగ్గరుండి చేయించి పెళ్ళికి ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, పందిట్లో అందరికీ వినపడేలా "అసలైన టేకు. నా మనవళ్ళ మనవళ్ళు కూడా దీనిమీదే పండుకుంటారు" అని చెప్పాడట. లారీలో అది చిత్తూరు చేరిన రోజు మా మేనత్త వాకిట్లోనే నిలబడి ఉంది. మేనత్త మా నాయనకు అక్క. మంచం ఇంకా ఇంట్లోకి పోకముందే ఆమె వేలి గణుపుతో పట్టె మీద టకటకా కొట్టి, చెవి ఆనించి విని, "టేకంటిరే, యాప మాదిరి మోగుతా ఉండాదే" అన్నది. వేప మంచాన్ని టేకని చెప్పారని చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. కొత్త పెళ్ళికూతురు అన్నీ విన్నది.

అంతే, ఆ రోజునుంచి మొదలు. వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరికి పడనివాళ్ళేమీ కాదు. నేను పుట్టినప్పుడు అమ్మకు పథ్యం వండిపెట్టింది అత్తే. అత్త కాలు విరిగితే ఆమెను ఎత్తి కూర్చోబెట్టి జడ వేసింది అమ్మే. కానీ అత్త మా ఇంటికి వచ్చిందంటే, మధ్యాహ్నం అన్నం తిన్నాక తప్పకుండా "ఏమ్మే, నీ యాప మంచం మీద రవ్వంత నడుం వాల్చనా?" అంటుంది. అమ్మ కూడా తగ్గదు. "టేకు మంచం మీద పండుకో వదినా. నిద్ర బాగా పడతాది" అంటుంది. ఇద్దరూ నవ్వుతూనే అంటారు. ఆ తర్వాత అమ్మ వంటింట్లో గిన్నెలు కడిగే చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది.

మిగతా విషయాల్లో అమ్మ ఎవరేమన్నా పట్టించుకోదు. ఆమె చేసిన రసంలో ఉప్పు ఎక్కువైందంటే ఒప్పుకుంటుంది. నేను ఆమె పోలికే, మొండిదాన్నంటే సంతోషిస్తుంది కూడా. ఆ ఒక్క మంచం దగ్గర మాత్రం ఒక్క మాట పడదు. వాళ్ళ నాయన పందిట్లో పదిమంది ముందు అన్న మాట అబద్ధం కాకూడదు, అంతే. తాత పోయి ఎంతో కాలమైంది. ఆయన ఇల్లు లేదు, పొలం లేదు. ఆయన పేరుతో మిగిలింది ఆ మాటా ఈ మంచమూ.

మా నాయన పోయిన తర్వాత అమ్మ తిరుపతికి, మా ఇంటికి వచ్చేసింది. ఆమె చీరలన్నీ ఒక సూట్‌కేసులో పట్టాయి. మంచానికి మాత్రం వేరే బండి కట్టాల్సి వచ్చింది.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఇంట్లో బల్బు కూడా మార్చి ఎరగడు. కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చి పేపరు చదువుకునే మనిషి. రిటైరైన మర్నాటినుంచి ఆయనకు ఇల్లంతా లోపాలే కనపడటం మొదలైంది. ఫోన్‌లో ఎక్కడో దేశాల్లో ఎవరో పాత కుర్చీలు గీకి, రుద్ది, అద్దంలా మెరిపించే వీడియోలు చూసి, ఒక రుద్దుడు మిషను కొన్నాడు. దాని చప్పుడుకు మా వీధి కుక్కలు చాలావరకు పక్క వీధికి మారిపోయాయి. మొదట పూజగదిలో పీట రుద్దాడు. అది బాగానే వచ్చింది. ఆ ఉత్సాహంలో నా చపాతీ పీట పట్టుకున్నాడు. అందులో ఏదో వంకర కనపడిందట, సరిచేస్తానని రుద్దుతూ రుద్దుతూ అప్పడమంత పల్చగా చేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో చాలా రోజులు దోసెలే. ఇక మిగిలింది అమ్మ మంచం. దానిమీద రంగు పొక్కులు లేచి పెచ్చులు రాలుతుండేది. ఉదయం అమ్మ లేచేసరికి ఆమె చీరకు అన్ని రంగుల పెచ్చులూ అతుక్కుని ఉండేవి.

"అత్తా, మంచానికి పాలిష్ వేసిస్తాను" అన్నాడు మా ఆయన.

"ఒద్దు నాయనా."

"టేకు అంటారు కదా. టేకుకు రంగేంది? పాపం కదా. కొయ్య కనపడేట్టు పాలిష్ చేస్తే ఎట్లుంటాదో తెలుసా?"

"అందుకే ఒద్దంటా ఉండేది."

చాలా రోజులు ఈ రాయబారం నడిచింది. చివరికి అమ్మ విసిగిపోయి, "సరే. పైన పొక్కులు గీకి, మళ్ళా రంగు ఎయ్యి. కొయ్య మాత్రం కనపడకూడదు. లోపలికి పోయినావంటే నేను ఊరుకోను" అన్నది. ఆయన "పైపైనే అత్తా, పైపైనే" అన్నాడు. చపాతీ పీట అప్పుడు కూడా ఆయన సరిగ్గా ఇదే మాట అన్నాడు.

తిరుచానూరులో అమ్మవారి ఉత్సవాలు మొదలయ్యాయి. ఉత్సవాలన్నాళ్ళూ అమ్మ పొద్దున్నే బస్సెక్కి పోయి, వాహన సేవ చూసుకుని, పూలూ కుంకుమా పట్టుకుని సాయంత్రానికి తిరిగొస్తుంది. మా ఆయన ఆ సమయం చూసుకుని మంచాన్ని విప్పి, కోళ్ళూ పట్టెలూ పలకలూ మిద్దె మీదికి చేర్చాడు. అమ్మ హాల్లో చాప వేసుకుని పడుకునేది. "ఎంతవరకొచ్చింది?" అని అడిగితే ఆయన "పొక్కులు పోతా ఉండాయి" అనేవాడు. మిద్దె ఎక్కి చూద్దామంటే ఆమె మోకాళ్ళు సహకరించవు.

పని మాత్రం చూడముచ్చటగా ఉండేది, ఒప్పుకుంటాను. మిషను తగిలేకొద్దీ ఒక రంగు కింద ఇంకో రంగు వచ్చేది. పైన ముదురు గోధుమ రంగు, అమ్మ ఇక్కడికి వచ్చాక మా తలుపులకు వేయించినప్పటిది. దాని కింద గేటు వెండి రంగు. దాని కింద ఆకుపచ్చ, నేను పదో తరగతి చదివేటప్పుడు ఆ కిటికీలోంచే వీధిలోకి చూస్తూ కూర్చునేదాన్ని. దాని కింద అంగడి నీలం. నీలం కనపడగానే నాకు మా నాయన గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చున్నాను. మా ఆయన మిషను ఆపి, "ఏమైంది, దుమ్ము పడిందా కళ్ళల్లో?" అన్నాడు. అవునన్నాను.

ఆ రోజుల్లోనే ఆయన కాఫీ చేదుగా ఉందని నామీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. పొద్దున కాఫీ బాగానే తాగేవాడు. మిద్దె మీద పని చేస్తుండగా ఇచ్చిన కాఫీ మాత్రం చేదట. చక్కెర ఇంకొంచెం వేశాను. అయినా చేదే. ఇంకా వేశాను. "ఈ వయసులో కాఫీ పెట్టడం కూడా మర్చిపోయినావా?" అన్నాడు. ఆ గ్లాసు అక్కడే పిట్టగోడ మీద పెట్టి కిందికొచ్చేశాను. ఆ తర్వాత ఆయన కాఫీ ఆయనే కలుపుకున్నాడు. అది కూడా చేదుగానే ఉందని నాకు చెప్పలేదు, కానీ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

నీలం కింద ఎరుపు వచ్చింది. మామూలు ఎరుపు కాదు, పసుపు కలిసిన రక్తం లాంటి ముదురు ఎరుపు. మిషను పెట్టగానే ఎర్రటి పొడి లేచి ఆయన బనియనంతా, మీసమంతా, ఆరేసిన దుప్పట్లనిండా పట్టుకుంది. సాయంత్రం అమ్మ వచ్చేలోపల శుభ్రం చేయాలని నేను మిద్దె మీద నీళ్ళు పోసి కడిగాను. ఆ ఎర్రనీళ్ళు గొట్టంలోంచి నేరుగా కింది పోర్షన్ వాకిట్లోకి పడ్డాయి.

కింది పోర్షన్‌లో అద్దెకున్నాయన అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆఫీసులో కూర్చుని టైపు కొట్టిన ఉద్యోగం. అడవిలోకి ఆయన పోయింది పిల్లలతో కార్తీక వనభోజనానికే అని వాళ్ళావిడే నాకు చెప్పింది. అయినా ఇంట్లో చెట్టు కొమ్మ విరిగినా తీర్పు చెప్పాల్సింది ఆయనే. చేతికర్ర పట్టుకుని ఆయన మిద్దె ఎక్కి వచ్చాడు. మంచం కోడు ఒకటి ఎత్తి చూశాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మిద్దె నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించాడు.

"ఎర్రచందనం" అన్నాడు.

ఈ మాట వేరే ఊళ్ళవాళ్ళకు మామూలు మాట. తిరుపతిలో ఇది గొంతు తగ్గించకుండా ఎవరూ అనరు. దుంగలు పట్టుబడ్డ వార్త లేకపోతే మాకు అది నిన్నటి పేపరేమో అని అనుమానం వస్తుంది. రోడ్డు మీద కారు ఆపి డిక్కీ తెరవమంటే లోపల చింతకాయ బస్తా ఉన్నా చెమటలు పడతాయి. ఇక్కడ ఎవరి దగ్గరైనా కొయ్య ఎర్రగా కనపడిందంటే, అది ఎర్రచందనం కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి.

మా ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. "సార్, నేను రిటైరైనోడిని. పెన్షన్ వస్తా ఉండాది" అన్నాడు.

"నేను ఎవరికీ చెప్పను. మీరు నా మనుషులు" అన్నాడు ఆయన. ఆయన అలా అనగానే నాకు అసలు భయం మొదలైంది, ఎందుకంటే మా వీధిలో పెళ్ళి సంబంధాలు చెడిపోయిన కథలన్నీ నాకు తెలిసింది ఆయన ఎవరికీ చెప్పకపోవడం వల్లే.

సరిగ్గా అప్పుడు, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్టు మెట్టుకూ ఆగుతూ అమ్మ మిద్దె పైకి వచ్చింది. వాకిట్లో ఎర్రనీళ్ళు చూసి ఉండబట్టలేక ఎక్కిందట. చేతిలో ఇంకా తిరుచానూరు పూలపొట్లం ఉంది. విడివిడిగా పడున్న పట్టెల్ని, పలకల్ని చూసింది. ఆమె ముఖం తెల్లబడిపోయింది. పడిపోతుందేమోనని నేను వెళ్ళి పట్టుకున్నాను.

"కొయ్య కనపడిందా?" అని మెల్లిగా అడిగింది.

"కనపడింది తల్లీ" అన్నాడు కింది పోర్షనాయన. "ఎర్రచందనం. నేను చెప్తా ఉండాను కదా."

అమ్మ ఆయన వైపు చూసింది. తర్వాత బోర్లించిన బక్కెట్టు మీద నింపాదిగా కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

"అవును" అన్నది. "ఎర్రచందనమే."

"తాత టేకని చెప్పినాడు కదమ్మా?" అన్నాను నేను.

"అణకువకు అట్ల చెప్పినాడు. మా నాయన గొప్పలకు పోయే మనిషి కాదు."

పందిరంతా మారుమోగేలా చెప్పిన మనిషిని గురించి ఈ మాట.

మా ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. "అత్తా, కొంచెం ఆలోచించండి. ఇది కేసవుతుంది. పోలీసులొస్తారు."

"రానీ. నా పేరు చెప్పు. నా మంచం, నా నాయన ఇచ్చినాడు. జైలుకు నేనే పోతా."

"జైల్లో మంచం ఇయ్యరు అత్తా."

"ఈడ మాత్రం ఇచ్చినావా? చాప మీదే కదా పండుకుంటా ఉండాను."

అంతటితో ఆగిందా? కిందికి దిగి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, చిత్తూరుకు మా మేనత్తకు ఫోన్ చేసింది. "వదినా, బాగుండావా? ఏం లేదు, నన్ను పోలీసులు పట్టుకపోతారంట. మా నాయన ఇచ్చిన మంచం యాపా కాదు, టేకూ కాదు. ఎర్రచందనమంట. పెద్దాఫీసరు వచ్చి సూసి చెప్పినాడు. సరే, ఉంటా" అని పెట్టేసింది. ఆమె గొంతులో అంత ఆనందం నేను నా పెళ్ళిలో కూడా వినలేదు.

ఆ తర్వాత మా ఆయన చేసిన పనులు చెబితే ఆయనకు కోపం, చెప్పకపోతే నాకు మనశ్శాంతి లేదు. మొదట నాలుగు కోళ్ళకూ తన పాత పంచెలు చుట్టాడు. కట్లు కట్టించుకున్న కాళ్ళలా ఉన్నాయవి. పలకల్ని ఏం చేయాలో తోచక, వాటి మీద వడియాలు పెట్టమన్నాడు. ఎవరైనా వచ్చి చూస్తే వడియాలు ఎండబెట్టే పలకలనుకుంటారట. "కార్తీకమాసంలో, ముసురులో, ఎవరైనా వడియాలు పెడతారా?" అన్నాను. "నువ్వు పెట్టు" అన్నాడు. పిండి ఉడికించి, పాత చీర పరిచి, ఎండలేని ఆకాశం కింద వడియాలు పెట్టిన ఆడది మా వీధిలో నేనొక్కదాన్నే. అప్పటిదాకా అనుమానం లేనివాళ్ళకు కూడా అప్పుడు వచ్చింది.

అందరూ రావడం మొదలైంది. ఒకావిడ పెరుగు తోడు కోసం వచ్చి మిద్దె మెట్ల వైపు చూసింది. ఒకాయన కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడగడానికి వచ్చాడు. పూలమ్మే ఆమె మాత్రం డొంకతిరుగుడు లేకుండా, "అమ్మా, మోకాలు వాపుకు ఎర్రచందనం మంచిదంట, రవ్వంత పొడి ఇయ్యి" అన్నది. అమ్మ ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు. మా ఆయన ఊడ్చి పెట్టిన ఎర్రపొడిని కాగితం పొట్లాల్లో కట్టి, ప్రసాదంలాగా పంచింది. ఇచ్చిన ప్రతిసారీ "మా నాయన ఇచ్చిన మంచానిది" అని చెప్పింది. మా ఆయన లోపలి గదిలో కూర్చుని తలుపు సందులోంచి చూస్తూ తల కొట్టుకున్నాడు.

ఆ పొడి పట్టుకుపోయినవాళ్ళలో పక్కింటి కోడలు ఒకతె. ఆమెకు బుగ్గల మీద మంగు మచ్చలు. గూడూరులో చెల్లెలి నిశ్చితార్థానికి పోవాలి, ముఖం తేటపడాలని పొడిని పాలల్లో కలిపి బాగా మందంగా పట్టించుకుంది. మర్నాడు పొద్దున వానలో తడుస్తూ మా ఇంటికి వచ్చింది. ఆమె రెండు బుగ్గలూ ఎర్రగా ఉన్నాయి. సబ్బుతో కడిగిందట, శనగపిండితో రుద్దిందట, కొబ్బరినూనె పెట్టిందట, ఏం చేసినా పూర్తిగా పోవడం లేదు.

"ఆంటీ, ఇదేం చందనం ఆంటీ?" అంది ఏడుపు గొంతుతో. "వాసన కూడా లేదు. మా అవ్వ అరుగుకు పూసే ఎర్రమన్ను ఇట్లే ఉంటాది. నేను ఊరికి ఎట్ల పోయేది?"

ఎర్రమన్ను అనగానే మా ఆయన గదిలోంచి బాణంలా వచ్చి, గొడుగు కూడా లేకుండా మిద్దె మీదికి పరుగెత్తాడు. వెనకాలే నేను. వాన దంచి కొడుతోంది. వడియాలన్నీ మళ్ళీ పిండయి కారిపోతున్నాయి. ఆ పిండితోపాటు పలకల మీది ఎరుపు కూడా కారిపోతోంది. ఆయన తడి పంచెతో ఒక పట్టెను గట్టిగా తుడిచాడు. పంచె ఎర్రబడింది. కింద అసలైన కొయ్య, లేత గోధుమ రంగులో, అక్కడక్కడా కొంచెం ఎర్రజీరతో బయటపడింది. చందనం కాదు, ఏమీ కాదు. నూనెలో కలిపి పూసిన ఎర్రమన్ను. మా ఆయన వానలో నిలబడి గట్టిగా నవ్వాడు. "పెన్షన్ మిగిలింది" అన్నాడు. పక్కింటి కోడలి బుగ్గల సంగతి ఆయనకు గుర్తే లేదు.

నేను కిందికొచ్చేసరికి అమ్మ వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"తెలిసిపోయిందా?" అన్నది.

"ఎర్రమన్నంటమ్మా."

"దాని కిందది?"

నాకు అప్పుడు కాఫీ గుర్తొచ్చింది. అంచుల్లో మిషను కొయ్యదాకా దిగి లేపిన దుమ్ము నోట్లో పడ్డ మనిషికి చక్కెర ఎంత వేసినా ఎందుకు చేదయిందో అప్పుడు అర్థమైంది. అమ్మే చెప్పింది.

"యాపే. మా ఇంటెనక ఉండిన మానే. గాలివానకు పడింది. టేకు కొనే తాహతు మా నాయనకు యాడిది? ఆ మానే కోయించినాడు. మంచమయినాక ఎర్రమన్ను నూనెలో కలిపి ఆయనే కూర్చొని పూసినాడు. గిన్నె పట్టుకున్నది నేనే. పందిట్లో టేకని చెప్పేటప్పుడు నా దిక్కు సూసినాడు. నేను తల దించుకున్నా. అందరూ పెండ్లికూతురికి సిగ్గనుకున్నారు."

"మరి ఇన్ని రంగులూ..."

"మన్ను ఎన్నాళ్ళు నిలుస్తాది? చీరకు అంటుకుంటా ఉంటే ఏం చేసేది? మీ అత్త చేయి ఊరుకుంటాదా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీలం, ఆకుపచ్చ, వెండి, గోధుమ, ఇవన్నీ మిగిలిపోయిన రంగులనుకున్నాను ఇన్నాళ్ళూ. మిగలకపోతే ఆమె ఏదో ఒకటి కొని తెచ్చి ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. మంచం కింద దూరి ఎవరికీ కనపడని చోట పూసిన రంగంతా ఒక్క మనిషి కోసం. దొంగ కొయ్య పెట్టుకుంది అనిపించుకుని జైలుకు పోవడానికైనా సిద్ధపడింది గానీ, వాళ్ళ నాయన అబద్ధమాడాడని అనిపించుకోవడానికి సిద్ధపడలేదు.

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. నిన్నంతా చిత్తూరులో ప్లీడరు కోసం తిరిగిందట, ఈ పొద్దున మొదటి బస్సు పట్టుకుని వచ్చి మేనత్త దిగింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో దుప్పటి. కుడి అరచేతి మీద బాల్‌పెన్నుతో ఏదో ఫోన్ నంబరు రాసుకుంది. వానకు సగం చెరిగిపోయింది.

"ఏమ్మే, యాడుండారు పోలీసులు?" అంటూ లోపలికొచ్చింది. "ఈ క్యారియర్‌లో పులిహోర ఉండాది, స్టేషన్‌లో ఏం పెడతారో ఏమో. ఈ దుప్పటి కప్పుకో. చెయ్యి మీద ప్లీడరు నంబరుంది, బిరీన రాసుకోండి, పోతా ఉండాది." మాట్లాడుతూనే ఆమె అమ్మను నఖశిఖపర్యంతం తడిమి చూసింది. రాత్రి నిద్ర పోయినట్టు లేదు.

పోలీసులు రాలేదనీ, రారనీ, అది ఎర్రమన్ననీ మా ఆయన సంతోషంగా చెప్పేశాడు. చెప్పి, అంతటితో ఊరుకోకుండా, ఎంత బాగా రుద్దాడో చూపించాలని తడిసిన పట్టెను పైనుంచి మోసుకొచ్చి హాల్లో రెండు కుర్చీల మీద పడుకోబెట్టాడు. "చూడండత్తా, అసలు కొయ్య. రంగే లేదు" అన్నాడు. ఆయన్ని ఆ పట్టెతోనే కొట్టాలనిపించింది నాకు.

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఎక్కడికీ పోలేదు. తల మాత్రం దించుకుంది.

అత్త క్యారియరు కింద పెట్టింది. పట్టె దగ్గరికి పోయి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. వేలి గణుపుతో కొట్టింది, చెవి పెట్టి విన్నది. అది చాలలేదు. చూపుడువేలితో కొయ్య మీద గట్టిగా రుద్ది, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. ఆమె ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దవడ బిగించి, ఉమ్మడానికి లేక, మింగడానికి లేక అలాగే నిలబడింది. ఇన్నేళ్ళ వాదం ఆమె నోట్లోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, గెలిచినట్టే.

ఆమె తలెత్తి అమ్మను చూసింది. గోడకు ఆనుకున్న మనిషిని, దించుకున్న తలను.

"టేకే" అన్నది. "మీ నాయన పందిట్లోనే చెప్పినాడు కదమ్మే. నా చెవులే అప్పుడు బాగలేవు."

"మరి ముఖం అట్ల పెట్టినారేందత్తా?" అన్నాడు మా ఆయన.

"కొత్తగా రుద్దిన టేకు అట్లే ఉంటాది. నీకు తెలీదు, నువ్వు పాఠాలు చెప్పుకునేవాడివి" అన్నది అత్త.

అమ్మ వంటింట్లోకి పోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది. తిరిగొచ్చి పెద్ద బెల్లం ముక్క అత్త చేతిలో పెట్టింది. అత్త ఆ ముక్కను చూసి, అమ్మను చూసి, మంచం పట్టె మీద పెట్టి అరచేతి మొదలుతో కొట్టి రెండు చేసింది. చిన్న ముక్క తను నోట్లో వేసుకుంది. పెద్దది అమ్మకు ఇచ్చింది.

"నువ్వూ తినుమే. నా నోరు ఇప్పుడే కదా చేదయింది" అన్నది.